కాలువలు కట్టేసిన వారం

జూలై 9

హెలెనక్కకి,

తబిత వందనాలు. ఫోన్ ఎత్తడం లేదని కోప్పడుతున్నావట. ఎత్తితే ఏడుస్తాను, ఏడిస్తే నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు. అందుకే ఉత్తరం. పదిహేను రోజులుగా ఈ అద్దె గదిలో నాతో నేనే మాట్లాడుకుంటున్నాను.

లాకుల సెంటర్ కూడలిని నేనే డిజైన్ చేశానని గొప్పగా ఫొటో పంపాను, గుర్తుందా? లారీలు ఆగకుండా తిరిగిపోవాలని మలుపులు వెడల్పు చేశాను. నడిచేవాళ్లు దాటడానికి చోటు పెట్టలేదు. పోయినేడాది మేలో వారం రోజులు లెక్కపెడితే, నడిచేవాళ్లూ సైకిళ్లూ కలిపి రోజుకు ముప్పై కూడా తేలలేదు మరి. అవి నీళ్లు ఆపి కాలువలు కట్టేసిన రోజులక్కా. చేలో పని లేనప్పుడు కూలీలు రోడ్డెక్కుతారా? వరిచేల మధ్య పెరిగినదాన్ని, నాకా సంగతే తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని అమ్మ అనేది నా గురించే కాబోలు.

ఈ జూన్‌లో నీళ్లు వదిలారు. నాట్లకు వెళ్తున్న లోవలక్ష్మి గారనే ఆవిడను ఆ మలుపులోనే లారీ గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆఫీసులో అందరూ డ్రైవరుదే తప్పంటున్నారు. నన్ను ఒక్కరూ ఒక్క మాట అనడం లేదు, అదే భరించలేకపోతున్నాను. రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఇచ్చేముందు ఆవిడకు నిజం చెప్పాలి.

నీ తబిత

నవంబర్ 24

అక్కా,

రాజీనామా ఇవ్వలేదు. లోవలక్ష్మి గారికి అంతా చెప్పాను, రాజీనామా సంగతి కూడా. ఆవిడ, "మీరెళ్లిపోతే ఆ మలుపెవరు సరిసేత్తారండి? ఇంకోరొచ్చి మళ్లీ ఎండాకాలంలోనే లెక్కెడతారు," అన్నారు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

కోతలు మొదలయ్యాక మళ్లీ లెక్కపెట్టాం. ఒక్క పొద్దుటిపూటే నాలుగొందల పన్నెండు మంది. మలుపులు ఇరుకు చేసి, రోడ్డు మధ్యలో ఆగి నిలబడేందుకు దిమ్మె కట్టి, సైకిళ్లకు విడిగా దారి వదిలి, నడిచేవాళ్లు దాటేందుకు సిగ్నల్ పెట్టాలని రాసి పంపాను. పైవాళ్లు నసిగి నసిగి ఒప్పుకున్నారు.

దాటడానికి ఎన్ని సెకన్లు ఇవ్వాలో పుస్తకంలో ఉంటుంది. నేను పుస్తకం తీయలేదు. నిన్న పొద్దున్న లోవలక్ష్మి గారే వచ్చారు. కానిస్టేబుల్ లారీలు ఆపాడు. ఆవిడ చంకకర్రలతో ఆ చివర నుంచి బయల్దేరారు, నేను గడియారం పట్టుకుని ఇవతల నిలబడ్డాను. ముప్పై నాలుగు సెకన్లు. సిగ్నల్‌కి అంతే రాశాను.

ఆయాసం తీరాక నా చేతిలో లెక్కల కాగితం చూసి, "నన్ను రాసేరాండి?" అని అడిగారు.

రాశాను. నాలుగొందల పదమూడు.

గదికొస్తే ఇప్పటికీ ఒంటరిగానే ఉంటుంది. ఈసారి ఫోన్ చెయ్యక్కా, ఎత్తుతాను.

నీ తబిత