అయిదు మడతల తాడు

జములమ్మా,

నువ్వు చలిజ్వరంతో పోయి ఎనిమిది నెలలైంది. నేను బాగానే ఉన్నాను. నా మీద కోపంగా ఉన్న పటేల్ కూడా బాగానే ఉన్నాడు. ఆ కోపం సంగతి నీకు చెప్పాలి.

వానలకు సాయమ్మ ఇంటికప్పు కూలింది. ముగ్గురు పిల్లలతో పశువుల కొట్టంలో ఉంటోంది. తన చేనుగట్టు మీది పెద్ద వేపచెట్టు కొట్టించి దూలాలు చేయించుకోవాలనుకుంది. ఇంతలో ఆ చెట్టు మీద పటేల్ కన్ను పడింది. కొత్త వసారా కట్టుకుంటున్నాడు కదా...

చెట్టు మొదట్లో ఉన్న తొర్ర చూపించి, "గిది వంటచెరుకుకే పనికొస్తది. నా దొడ్లె ఎయ్యిండ్రి. సాయమ్మకు రెండు తాటిమొద్దులిస్త" అన్నాడు. అవునని చెప్పడానికి నన్ను పిలిపించాడు. ఊరికి వడ్రంగం చేసే వడ్లవాణ్ణి, నేను తలూపితే చాలు.

పటేల్ ముందు నా గొంతు ఎంత చిన్నదో నీకు తెలుసు. తలూపబోయాను కూడా... అంతలో నీ మాటే గుర్తొచ్చింది.

"తొర్ర ఉన్నదని చెట్టును ఇడిసిపెడ్తరా? యాడిదాంక ఉన్నదో సూడు" అనేదానివి. గొడ్డలి వెనకవైపుతో మొదలు నుంచి పైకి కొట్టుకుంటూ పోయాను. రెండు మూరల దాకా డొల్లగా మోగింది. ఆపైన గట్టి చప్పుడు.

తర్వాత నా చెయ్యంత పుల్ల తీసుకుని, చెయ్యి చాపి నిలువుగా పట్టుకుని వెనక్కి నడిచాను. పుల్ల కింది కొస చెట్టు మొదలుకు, పై కొస కొమ్మలు చీలేచోటుకు సరిపోయినప్పుడు ఆగి, అక్కడి నుంచి చెట్టు దాకా కొలిచాను. ఆ దూరమే మాను పొడుగు, పన్నెండు మూరలు. తొర్రకు రెండు పోతే పది.

మాను చుట్టూ తాడు వేస్తే పది జానలొచ్చింది. అందరూ నాలుగు మడతలు వేసి అదే దూలం మందమంటారు. నువ్వు ఒప్పుకునేదానివి కాదు. "నాలుగేస్తే చెట్టు మనల్ని మోసం జేస్తది. అయిదెయ్యి. బెరడుకు, వంకరకు జర ఇడువాలె."

అయిదే వేశాను. నాలుగు పక్కలా రెండు జానల మందం. పొడుగునా అటొక కోత, ఇటొక కోత వేస్తే జానెడు మందం దూలాలు నాలుగు. ఆ మాటే పైకి అన్నాను.

"ఎవని లెక్కరా గిది?" అన్నాడు పటేల్.

పన్నెండేళ్లు అందరూ నా చూపునే మెచ్చుకున్నారు. నువ్వు తాడు పట్టుకుని నా వెనక నిలబడి, ఎన్ని దూలాలో వేలితో నా వీపు మీద కొట్టి చెప్పేదానివి. ఆ మెప్పంతా నేనే తిన్నాను. నువ్వెందుకు ఒక్కసారైనా అడగలేదు? నేనెందుకు చెప్పలేదు?

"నా పెండ్లాం లెక్క పటేలా" అన్నాను.

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. "సచ్చిన ఆడిదాని లెక్కకు చెట్టు గొడ్తవా?" అన్నాడాయన.

"గొడ్త. తప్పైతే నా రంపం నీ దొడ్లె పెట్టి ఊరిడిసి పోత."

సాయమ్మ చెంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది. "చెట్టు నాది. గొట్టు బ్రహ్మయ్యా" అంది. పదిమంది వింటుండగా అంది కాబట్టి పటేల్ అడ్డం రాలేకపోయాడు.

మూడు దూలాలు నిండుగా పది మూరలొచ్చాయి. నాలుగో దాని నడుమ నల్లటి ముడి ఉండి విరిగింది. బయటికి ఏ గుర్తూ లేదు... నువ్వైనా పసిగట్టేదానివా? పటేల్ మనుషులు నవ్వితే, "మూడింట్ల ఒక్కటన్నా వంటచెరుకున్నదా?" అని అడిగాను. వాళ్లు నా రంపం అడగకుండానే వెనక్కి తిరిగారు. విరిగిన దాన్నే ద్వారబంధం చేశాను. సాయమ్మ పిల్లలిప్పుడు కప్పు కింద పడుకుంటున్నారు.

పటేల్ ఇంటి నుంచి నాకు రావలసిన పంటగింజలు ఆగిపోయాయి. ఆగనీ. రొట్టెలు మాడ్చుకుంటూనే తింటున్నాను.

నిన్న పటేల్ నుంచి మళ్లీ కబురొచ్చింది. వసారాకు మద్దిచెట్టు చూడాలట, ఆ ఆడిదాని పేరు మాత్రం ఎత్తొద్దట.

రేపు పోతాను. చెట్టు కిందికి పోగానే ముందు నీ పేరే చెప్తాను. వింటే కొలుస్తాను. వినకపోతే గొడ్డలి భుజాన వేసుకుని వచ్చేస్తాను. ఇక నీ పేరు లేకుండా నేను ఏ చెట్టు చుట్టూ తాడు వెయ్యను.

నీ
బ్రహ్మయ్య