గుండుకు కూడా హాజరు వేయించవలసిందిగా మనవి

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,
కొళాయి నీళ్లు వదిలే ఒప్పంద కార్మికుడు మునిరత్నం, వడమాలపేట, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: దేవునికి తలనీలాలు ఇచ్చిన కారణమున హాజరు వేసే సెల్‌ఫోను నన్ను గుర్తుపట్టకపోవుట, ఇరవై రెండు దినములు పనిచేసియు గైర్హాజరు పడుట గురించి.

1. నేను పదకొండేండ్లుగా మూడు వీధులకు ఉదయం ఆరింటికి నీళ్లు వదులుచున్నాను. ఈ ఏడు ఒప్పందం పొడిగిస్తారో లేదోనన్న భయంతో, "స్వామీ, పని నిలబెట్టు, గుండు కొట్టించుకుంటా" అని మొక్కుకొన్నాను. పని నిలబడింది. కొండకు పోయి మొక్కు తీర్చుకొన్నాను. మొక్కింది జుట్టు ఒక్కటే. మీసం కూడా తీసేయమని నేనే చెప్పాను, దేవుని దగ్గర పిసినారితనం ఎందుకని. ఇది ఎవరూ అడగని దాతృత్వమని ఒప్పుకొనుచున్నాను.

2. మరునాడు మేస్త్రీ చిన్నబ్బ గారి సెల్లు ముందు నిలబడగా "ముఖం సరిపోలలేదు" అని వచ్చింది. కళ్లు పెద్దవి చేశాను. నవ్వి చూశాను. మా ఇంటిది కోమలి కాటుకతో మీసం గీసింది, నా మీసమే గదా అబద్ధం కాదని. సెల్లు ఒప్పుకోలేదు, వీధంతా నవ్వింది. చిన్నబ్బ గారు, "నువ్వు మునిరత్నమే అని నాకు తెలుసప్పా. దానికి తెలియాల గదా!" అన్నారు.

3. కొత్త ముఖం నమోదు చేయండని ఆఫీసులో అడిగాను. ముందు సెల్లుకు పాత ముఖం చూపించి దాని లోపలికి పోవలెనట, ఆ తర్వాతే కొత్తది తీసుకుంటుందట. పాత ముఖమే ఉంటే కొత్తదానితో నాకేం పని ప్రభూ?

4. సహ కార్మికుడు మునిచంద్ర ఆరింటికి ముఖం చూపించి, ఆరుంపావుకు తన బజ్జీల బండి దగ్గర ఉంటాడు. అతనికి నెలంతా హాజరే. ఉత్తమ కార్మికుడని తమరే శాలువా కప్పినారు. అతని వీధి నీళ్లు కూడా నేనే వదులుచున్నాను. ఇది కడుపుమంట కాదని రాద్దామనుకొన్నాను, కానీ కడుపుమంటే. బజ్జీలు మాత్రం బాగుంటాయి, నేనూ తింటాను.

5. ఆఫీసు కంప్యూటరు చూసే లోకేష్, "మీసముండే ఫొటో ఒకటి దానికి చూపించన్నా, హాజరు ఏసుకుంటుంది. అందరూ చేసేదే" అన్నాడు. ఛీ వద్దన్నానని రాస్తే గొప్పగా ఉంటుంది. నిజానికి ఫొటో జేబులో పెట్టుకొని రెండు దినాలు తిరిగాను. మూడోనాడు తీయబోతే చేయి రాలేదు. పని నిలబెట్టిన స్వామికి దొంగ హాజరు చూపించడానికి మనసొప్పలేదు. ఇంట్లో ఈ మాట చెప్పగా కోమలి, "దేవునికి జుట్టిచ్చినావు, సరే. సెల్లుకు చూపించేదానికి మొగం యాడుండాది నీకు? పని పోతే పిల్లోళ్లకేం పెడతావు, గుండా?" అన్నది. గుండు నిమురుకొంటూ కూర్చున్నాను.

6. గైర్హాజరు ముప్పై దినములు దాటితే తొలగిస్తామని నోటీసు వచ్చింది. ఇంక ఎనిమిదే ఉన్నవి. అయ్యా, నేను రాలేదంటే ఈ ఇరవై రెండు దినములు నీళ్లు వదిలింది ఎవరు? దేవుడే అయితే ఆయన పేరు హాజరు పట్టీలో ఎక్కించండి. నేనే అయితే నాకు హాజరు ఇప్పించండి. రెండో వీధి శకుంతలమ్మ గారిని విచారించవచ్చును. నీళ్లు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆమె నన్ను పేరు పెట్టి తిడతారు. ఈ దినములలో ఒక్క తిట్టూ పడలేదు.

కావున ఈ గుండు ముఖమును కూడా నాదిగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మునిరత్నం
(పనిలో ఉన్నాడు, పట్టీలో లేడు)

తా.క.: అర్జీ పట్టుకొని బయలుదేరబోతుండగా ఈ ఉదయం సెల్లు నన్ను గుర్తుపట్టింది. మీసం కొంచెం మొలిచింది. చిన్నబ్బ గారు ఎగిరి గంతేశారు. నేను వేయలేదు. ఎందుకంటే పదో దినమున భయం ఎక్కువై, "స్వామీ, సెల్లు నన్ను గుర్తుపడితే మళ్లీ గుండిస్తా, మీసంతో సహా" అని మొక్కి ఉన్నాను. ఇంత చేసిన స్వామికి మొక్కు ఎగ్గొట్టలేను. కోమలి మాట్లాడటం మానేసింది. ఆదివారం కొండకు పోతున్నాను. సోమవారం నుంచి మళ్లీ గైర్హాజరు పడతాను, కాబట్టి అర్జీ వాపసు తీసుకోవడం లేదు. నీళ్లు మాత్రం ఆరింటికే వదులుతాను.