పొడి చేతులు

గోరేబాళ క్యాంపు

చెల్లెమ్మ సత్యభామకి,

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మన అలవాటు. ఈసారి ఆ మాట రాయలేను. కాలవ కట్టేశారు. మీ వదిన మోకాళ్లు అలాగే ఉన్నాయి. నేను తింటున్నాను, పుస్తకాలు చదువుకుంటున్నాను. అంతవరకే నిజం.

ఫోనులో అడగలేక ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. కంప్యూటరును కాపాడే పెట్టె లేకపోతే మనిషెందుకు పోతాడని ఒకటి. నీ కొడుకు ధర్మతేజ తడిచేతులతో మిల్లులో మిషను ముట్టుకున్నాడన్నది నిజమేనా అని రెండోది. మొదటిది ముందు చెబుతాను.

బియ్యంలో నల్లగింజల్ని ఏరే మిషనును కంప్యూటరే నడుపుతుంది. మిల్లులో మోటారు వేసినా ఆపినా లైనులో కుదుపు వస్తుంది, ఆ కుదుపుకు కంప్యూటరు పాడవుతుంది. అందుకే ముందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. ఇనుప దిమ్మ మీద రెండు రాగి చుట్టలు. వీధి కరెంటు మొదటి చుట్టతోనే ఆగిపోతుంది. దాని అయస్కాంతపు ఊపుకి రెండో చుట్టలో వేరే కరెంటు పుడుతుంది. రెంటినీ కలిపే తీగ లేదు. ఈవలి న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, మన ఎర్తు గుంతకే కడతారు కాబట్టి, స్తంభం మీద న్యూట్రల్ తెగినా ఆ కీడు మిషను ఒంటికి రాదు.

ఆ పెట్టెను శ్రీరామనవమి పందిరికి ఎత్తుకెళ్లారు. అది పెడితే స్పీకర్లలో గుయ్‌మనే రొద పోతుంది మరి. దానితోపాటు ఎర్తు తీగ కూడా ఊడింది. ఎర్తు లేదని మిషను తెర మీద ఎర్రదీపం వెలిగింది. దాన్ని ఆర్పడానికి మిషను ఒంటిని వీధి న్యూట్రల్‌కే కట్టించారు. కల్యాణం నాటి గాలికి స్తంభం మీద ఆ న్యూట్రల్ తెగింది. తిరిగి వెళ్లే దారి లేక మిషను ఒళ్లంతా కరెంటే, మన ధర్మతేజ దాని మీద చెయ్యి వేశాడు. పందిట్లో మాత్రం మంత్రాలు ముత్యాల్లా వినిపించాయట, పెద్దలు ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. ధర్మం గురించి గంటలకొద్దీ చెప్పే ఆ నోళ్లు ఇన్‌స్పెక్టరు ముందు తెరుచుకోలేదు.

మిల్లు ఊడ్చే నింగవ్వ ఒక్కతే తెరిచింది. "మిషిన్ ముడితే చెయ్యి జుమ్మంటుందని పండగ ముంగటిసంది చెప్తుండె పిలగాడు. ఎవరిన్నరు సార్?" అంది.

విన్నవాడు ఒకడున్నాడు. ఇంతసేపూ వాడి పేరు రాయకుండా నెట్టుకొచ్చాను. నా కొడుకు కోటి. మిల్లు చూసుకునేదీ పందిరి కమిటీ పెద్దా వాడే, పెట్టె ఎత్తించిందీ తీగ కట్టించిందీ వాడే. "నవమి దాకా ఓర్చుకో బామ్మర్దీ, రాములోరి పని" అన్నాడట. నీకు ఫోను చేసి తడిచేతుల కథ చెప్పిందీ వాడే. తప్పును చచ్చినవాడి మీద వేస్తే ఎదురు చెప్పడని వాడికి తెలుసు. బతికినవాళ్లు చెబుతారన్నది మరిచాడు.

నిన్న సింధనూరు పోలీసు స్టేషనుకు వెళ్లి ఇదంతా చెప్పి సంతకం పెట్టాను. కేసు వాడి మీదికి తిరుగుతుంది. కోటి నన్ను వీధి అరుగు మీదే నిలబెట్టి అడిగాడు. "నువ్వు నాకు తండ్రివి కాదా?"

"పోయినవాడికి మేనమామను కూడా" అన్నాను.

మీ వదిన అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నువ్వైనా మాట్లాడాలని ఇది రాయడం లేదు.

ఇక రెండోది, తడిచేతుల సంగతి. నేను వెళ్లేసరికి వాణ్ణి గోనెసంచుల మీద పడుకోబెట్టారు. రెండు చేతులూ పట్టుకుని చూశాను చెల్లెమ్మా. తవుడు అంటుకుని ఉన్నాయి. పొడిగా ఉన్నాయి.

ఇట్లు,
నీ పెద్దన్నయ్య