జెండా పట్టుకున్న మనిషి

చిరంజీవి పిట్టను అమ్మ దీవించి, చెప్పి రాయించునది. ఇక్కడ నేను, నా మోకాళ్ళు, ఇరుగుపొరుగు వాళ్ళ నోళ్ళు, అన్నీ క్షేమంగానే ఉన్నాయి. నువ్వూ క్షేమమని రాశావు గానీ, టీవీలో నీ మొహం ఇంకో మాట చెప్పింది.

ఇది రాస్తున్నది పక్కగదిలో ఉండే ఆసుపత్రి నర్సమ్మ. చెప్పింది చెప్పినట్టు రాయమని ఒట్టేయించుకున్నాను. "పెద్దమ్మా, కొంచెం మెత్తగా మార్చి రాయనా?" అంది. "మెత్తగా మాట్లాడ్డం నాకు రాక కాదే, ఇష్టం లేక" అన్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు. మందులు వేసుకుంటున్నాను. గోల్ఫ్ మైదానంలో పని మానలేదు, మానను. ఇసుక గుంటలు చదును చేసే పని మేనేజరు వేరేవాళ్ళకి ఇచ్చాడు. పొద్దున్నే గుంతల చుట్టూ గ్రీన్ గడ్డి మీద మంచు దులిపే పని మాత్రం నాదే. పొడుగాటి కర్ర గడ్డి మీద అటూ ఇటూ ఊపుకుంటూ పోవడమేగా, దానికి మోకాళ్ళతో పనేముంది?

ఇక అసలు సంగతి. నీ మణికట్టులో లోపం ఉందని కోచ్ అన్నాడనీ, మూడు కర్రలు మార్పించాడనీ, వచ్చే పోటీలోనూ ఇలాగే అయితే ఆట వదిలేస్తాననీ రాశావు. ఆయన చదువుకున్నవాడే, కాదనను. కానీ నలభై ఏళ్ళు నడుం వంచి ఆ గడ్డి చూసినదాన్ని నేను. దూరం కొట్టే దెబ్బలో నీకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. గుంతకి ఆరడుగుల్లోకి వచ్చావా, అక్కడ మొదలవుతుంది తంటా. కర్ర బంతికి తగలకముందే తలెత్తేస్తున్నావు. ఎడమ భుజం వెనక్కి పోతోంది. బంతి గుంతకి జానెడు ముందే ఆగిపోతోంది. ప్రతిసారీ జానెడే. మణికట్టుదే తప్పయితే ఓసారి కుడికీ ఓసారి ఎడమకీ పోవాలి కదా? నీ బంతి తిన్నగానే పోతోంది. ఎవరి కాళ్ళకో తగులుతానేమో అన్నట్టు ఆగుతోంది.

ఎవరి కాళ్ళో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నీకప్పుడు తొమ్మిదేళ్ళు. ఏడో గుంత దగ్గర మీ నాన్న గుంతలో గుచ్చిన జెండా పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు కొట్టావు. బంతి దొర్లుకుంటూ పోయి ఆయన బూటుకి తగిలింది. ఆయన నిలువునా కూలిపోయాడు. నేను పరిగెత్తుకొచ్చి, నీ రెక్క పట్టుకుని, "కాస్త మెల్లగా కొడితే నీ సొమ్మేం పోయేదే" అన్నాను. ఆ తర్వాత ఆ మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఇంకోటుంది. అప్పట్నుంచీ, మంచు పడ్డ ప్రతి పొద్దునా ఆ ఏడో గుంత పక్కన రెండు బూట్ల గుర్తులుంటున్నాయి. వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు. మడమలు పక్కపక్కన, మునివేళ్ళు బంతి వచ్చే వైపుకి. ఎవరి కంటా పడకముందే దులిపేస్తాను. ఈ పని వదలనిది అందుకే. మొన్న టీవీలో నీ పోటీ చూశాను. అక్కడి గడ్డి మీదా తడి మెరుస్తోంది. గుంత పక్కన అవే రెండు గుర్తులు. నువ్వు తలెత్తి చూసింది అటే.

నర్సమ్మ కలం ఆపేసింది. "నా చేతులు చల్లబడుతున్నాయి పెద్దమ్మా" అంది. "రోజూ సూదులు గుచ్చే చేతులు, వాటికేమవుతుంది? టీ తాగి రాయి" అన్నాను.

ఇప్పుడు నా తప్పు చెబుతున్నాను, విను. బంతి కదలగానే జెండా తీసి మూడడుగులు పక్కకి జరగడం జెండా మనిషి పని. మీ నాన్న ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోయినవాడు కాదు. ఆ రోజు నువ్వు కర్ర ఎత్తకముందే ఇసుక గుంటలోంచి నేను కేకేశాను, "ఏమయ్యా, నిలబడే నిద్రపోయావా?" అని. పలకలేదు. రెప్ప వెయ్యలేదు. నువ్వు కొట్టేసరికే ఆయన లేడమ్మా. ప్రాణం పోయాక కూడా జెండా వదల్లేదు. గుండె ముందే ఆగిందని ఆ సాయంత్రం డాక్టరూ చెప్పాడు.

నేను నీకు చెప్పలేదు. నా కడుపుమంటకి ఒక మనిషి కావాల్సొచ్చింది, తొమ్మిదేళ్ళ పిల్లవి దొరికావు. తర్వాత చెబుదామంటే నోరు రాలేదు. చెబితే మళ్ళీ నా మొహం చూడవని భయం. ఊరంతా నాకు జడుస్తుంది, నేను నీకు జడిశాను. క్షమించమని అడగను, ఆ మొహం నాకు లేదు. నీ దెబ్బ ఎవర్నీ చంపలేదు. ఈ ముక్క కింద గీత గియ్యమన్నాను నర్సమ్మని.

ఈ పొద్దున నా కర్ర అవతల పడేసి ఆ గుర్తుల ఎదురుగా నిలబడ్డాను. "పిల్లకి నిజం చెప్పేస్తున్నానయ్యా. ఇంక నీ పని నువ్వు చెయ్యి" అన్నాను. గాలి లేదు. ఆకు కదల్లేదు. జెండా గుంతలోంచి పైకి లేచి, మెల్లగా గడ్డి మీద వాలింది. తడిలో ఒక అడుగు పడింది. ఇంకోటి పడింది. మూడోది పడి ఆగింది. ఇవాళ మంచు దులపలేదు నేను.

దారి వదిలాడమ్మా. తల దించుకో, బంతినే చూడు. గుంత దాటిపోతే పోయింది, గట్టిగా కొట్టు.

ఇట్లు,
నిన్ను కన్నదీ, నీ దగ్గర నిజం దాచిందీ అయిన
మీ అమ్మ
(వేలిముద్ర)