సాసేజీలు, క్యాబేజీ, ఒక్క ప్రశ్న కూడా లేకుండా

గురువారం, సాయంత్రం 6.05
నిర్ణయం అయిపోయింది! ఈ ఆదివారం మధ్యాహ్నం వంట నాది. సాసేజీలు, క్యాబేజీ పొరలుగా పేర్చి, క్రీమ్ పోసి, పైన చీజ్ చల్లి ఓవెన్‌లో కాల్చాలి. ఇదేమైనా బ్రహ్మవిద్యా!

మా ఆవిడ నర్సు. వారానికి ఆరు రోజులు నిలబడే ఉద్యోగం. ఆదివారం ఒక్కపూట ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలని ఆవిడ కోరిక. "హాయిగా పడుకో. నిన్ను ఒక్క ప్రశ్న కూడా అడగను," అని మాటిచ్చాను. నవ్వింది. ఎందుకో మరి. బస్ డిపోలో రోజుకు నలభై బస్సులను నిమిషం తేడా లేకుండా పంపే మనిషిని. ఒక్క క్యాబేజీని పంపలేనా?

శుక్రవారం, సాయంత్రం 5.40
కొన్నవి: సాసేజీలు పన్నెండు. చీజ్. క్రీమ్. క్యాబేజీలు మూడు.
అత్తగారు సంచిలోకి తొంగిచూసి, "పెళ్ళికా అల్లుడుగారూ?" అన్నారు. పట్టించుకోలేదు. టైమ్‌టేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించాను. 12.00 ఓవెన్‌లోకి. 12.45 బయటికి. 12.50 వడ్డన.

శనివారం, సాయంత్రం 7.15
ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. మానేశాను. ప్రతి బస్సునీ ముందు ఖాళీగా తిప్పి చూస్తామా? పైగా కత్తి తెగడం లేదు.
"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నారు అత్తగారు. కత్తి తిరగేసి పట్టుకున్నానట.

ఆదివారం, ఉదయం 10.50
ఆవిడ నిద్రలో ఉంది. నేను రంగంలో ఉన్నాను.
క్యాబేజీ తరిగే ముందు కడగాలా, తరిగాక కడగాలా? అడగకూడదు. పడకగది తలుపు దగ్గర నిలబడి, "దీనిమీద లోకంలో రెండు అభిప్రాయాలున్నాయి," అన్నాను.
"ముందే కడగండి," అని దుప్పట్లోంచి వినిపించింది.
ఇది ప్రశ్న కాదు.

11.20
"ఉప్పు డబ్బా కనిపించడం లేదు," అన్నాను. ఇదీ ప్రశ్న కాదు. సమాచారం.

11.40
తలుపు దగ్గర దగ్గాను. అంతే!
"సాసేజీలు ముందు వేయించండి," అంది. ఎలా కనిపెట్టిందో!

12.00
ఓవెన్‌లోకి. సెకను తేడా లేదు! లోపల దీపం వెలిగింది. ఆ వెలుగులో క్యాబేజీ ఎంత అందంగా ఉందో!

12.45
బయటికి. గిన్నె చల్లగా ఉంది. చీజ్ చల్లింది చల్లినట్టే ఉంది. సమయపాలనలో మాత్రం లోపం లేదు.
అత్తగారు ఒక ఆకు తీసి కటుక్కున కొరికారు. "మేక ఉంటే మెచ్చుకునేది, అల్లుడుగారూ."

12.52
పప్పులో కాలేశాను. తలుపు తట్టి, "నేనేం తప్పు చేశాను?" అని అడిగేశాను. ఇది ప్రశ్నే. నిఖార్సైన ప్రశ్న.
ఆవిడ లేచొచ్చింది. చెంప మీద దిండు ముడతలు. "మీరు వేసింది లోపలి లైటండీ," అని పక్క మీట తిప్పింది. మళ్ళీ పడుకోలేదు. పీట మీద కూర్చుని, కళ్ళు రుద్దుకుంటూ ఓవెన్‌నే చూస్తూ ఉండిపోయింది. నాకు చాలా సిగ్గేసింది.

1.50
వడ్డన. గంట ఆలస్యం. రుచి అద్భుతం! ఆవిడ రెండుసార్లు పెట్టించుకుంది.
"వంట బాగుంది. నిద్రే కుదర్లేదు," అంది.

సోమవారం, సాయంత్రం 7.00
కొత్త నిర్ణయం! వచ్చే ఆదివారం మళ్ళీ నేనే. ఈసారి ప్రశ్నలు, సమాచారాలు, దగ్గులు అన్నీ నిషేధం. అనుమానాలన్నీ ఇవాళే తీర్చేసుకుంటే సరి. రాసి పెట్టుకున్నాను. మొత్తం ముప్పై ఒకటి.
ఆవిడ డ్యూటీ నుంచి రాగానే సోఫాలో పక్కన కూర్చుని మొదలుపెట్టాను. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పింది. నాలుగోది క్రీమ్ గురించి. జవాబు రాలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయింది.

7.12
నాలుగో ప్రశ్న చాలా ముఖ్యమైనది. అయినా లేపలేదు.