లేదనైనా చెప్పమన్నవ్

సునీతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల మన రూమ్‌లనే ఉన్న. మనిద్దరం ఇంటర్వ్యూ ఇచ్చిన ఎల్బీనగర్ సర్కారు ఆఫీసులనే పని చేస్తున్న.

అప్పుడు నాకు ఉద్యోగమని మెసేజ్ ఒచ్చింది, నీకు ఏదీ రాలే. "లేదనైనా చెప్పమను, ఊరికి పోత" అని నెలల తరబడి అన్నవ్. ఒకరోజు ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి బయటికి పోయినవ్. నిన్ను గుర్తుపట్టనీకి దవాఖానకు మీ నాయినను తీస్కపోయింది నేనే.

ఈసారి ఉద్యోగం రానోళ్లకు కూడా మెసేజ్ పంపాలని మా సార్ వెంటపడ్డ.

"రానివాళ్లకి చెప్పడం ఎందుకమ్మా? వాళ్లకే అర్థమవుతుందిగా" అన్నరు ఆయన. ఆయనది గుంటూరు దిక్కు. సతాయిస్తే ఆఖరికి ఒప్పుకున్నరు.

ఇయ్యాల సాయంత్రం అందరికీ నేనే పంపిన. నీకే చెప్పినట్టు అనిపించి పానం జర నిమ్మళమైంది.

కొంచెంసేపటికి ఒక పిల్ల జవాబిచ్చింది.

"థ్యాంక్స్ మేడం. ఇగ ఊరికి పోత."

అప్పటిసంది ఆ నంబర్‌కు చేస్తనే ఉన్న. రింగయితుంది, ఎవరూ ఎత్తుతలేరు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి ఉందేమో సునీతా.