కొత్త ల్యాప్‌టాప్‌లో పాత పొట్టిమాటలు

ఆదివారం, మధ్యాహ్నం

మా గడుసు వదినకి,

ముందే చెబుతున్నా, నవ్వకు. కొనేశాను. అవును, నీ తరహాదే! పదేళ్లుగా నువ్వు చెవిలో జోరీగలా "నాలాంటిది తీసుకో, తీసుకో" అంటుంటే "ఆ సోకులన్నీ నీకే, నాకొద్దులే" అన్నదాన్ని, బుద్ధిగా వెళ్లి అదే తెచ్చుకున్నాను. వినపడని నీ చెవికి ఫోన్లో చెప్పాలంటే నేను అరవాలి, నువ్వు ఊహించుకోవాలి. అందుకే ఎప్పటిలాగే ఈమెయిల్లో ఉత్తరం.

మా టైపింగ్ హాలు రేపు సోమవారం నుంచి మూసేస్తున్నారు. డాక్టర్లు మాటల్లో చెప్పి పంపిన రిపోర్టులన్నీ ఇక ఇంట్లో కూర్చునే కొట్టాలట, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే చూసుకోవాలట. నా బతుక్కి ఇదే మొదటి ల్యాప్‌టాప్. పందొమ్మిదేళ్లు ఆఫీసు డబ్బా ముందే కూర్చున్నదాన్ని, వీటి గొడవ నాకేం తెలుసు? షాపులో అమ్మే ఆవిడకి ఓర్పు ఎక్కువ. ఆరు తెరిపించి ఒక్కోదాని మీద పావుగంట టైపు చేశాను. "స్క్రీన్ ఎలా ఉందో చూడరా మేడమ్?" అంది. "నేను స్క్రీన్ చూసేదాన్ని కాదమ్మా, కళ్లు మూసుకుని వింటూ కొట్టేదాన్ని" అన్నాను. ఇదెక్కడి శాల్తీరా అన్నట్టు చూసింది.

ఇంటికి తెచ్చి తెరిస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు. ఏ భాష? వేలిముద్ర ఇస్తావా? నీ జాడ మాకు చెబుతావా? ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నన్ను ఇన్ని అడగలేదు. పాతదాంట్లో కిటికీ మూసే గుర్తు కుడి పక్కన ఉండేది, ఇందులో ఎడమకి పోయింది. పేజీ కిందికి తోస్తే పైకి పోతోంది. రెండు రోజులు తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆయనేమో పక్కన నిలబడి "అది మార్చుకోవచ్చు, ఇది మార్చుకోవచ్చు" అంటారే తప్ప ఎక్కడ మార్చాలో చెప్పరు.

అసలు భయం నా పొట్టిమాటల గురించి. నీకు ఎప్పుడో చెప్పాను కదా, "రమా" అని రెండక్షరాలు కొడితే "రక్తపోటు మామూలుగా ఉంది" అని మొత్తం దానంతటదే పడుతుంది. అలాంటివి పదకొండు వందల పైచిలుకు పోగేశాను. నా వేగమంతా వాటిలోనే ఉంది. పాత సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో నడవదని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. చివరికి ఆ జాబితాని పట్టికలా బయటికి తీశాను. రెండు వరుసలూ కలిపి అతికిస్తే కలగాపులగం అయింది. అందుకని ముందు పొట్టిమాటల నిలువు వరుస, తర్వాత దాని పక్కన పూర్తి మాటల వరుస, విడివిడిగా అతికించాను. పైనుంచి యాభై పరీక్షించాను. ఒక్కటీ తప్పలేదు! ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు


ఆదివారం, సాయంత్రం

వదినా,

నాలుగు పేజీలు రాస్తే ఒక్క వాక్యం జవాబా? "నిజం చెప్పు, ఎందుకు కొన్నావు?" అట! నీకు పోలీసు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు గానీ, ఇచ్చి ఉంటే ఊళ్లో దొంగలంతా మూటాముల్లె సర్దుకునేవాళ్లు.

సరే, చెబుతున్నా. చదివి చెరిపెయ్.

నా ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఎనిమిది నెలలుగా నా మాట వినడం లేదు. మొదట తిమ్మిరి అనుకున్నాను. ఒకరోజు పొద్దున కాఫీ కప్పు దానంతటది జారిపోయింది. "చెయ్యి తడిగా ఉంది" అని మా ఆయనకి అబద్ధం చెప్పాను. తర్వాత చిటికెన వేలు మీట మీద ఉందో లేదో కూడా తెలియకుండా పోయింది. పాత మిషన్లో కాపీ చేయాలన్నా, అతికించాలన్నా, దాచాలన్నా ఎడమ మూలనున్న మీటే నొక్కాలి, చిటికెన వేలితోనే. నీదాంట్లో ఆ పనులన్నీ బొటనవేలి కిందున్న మీటతో అయిపోతాయి. కిందటేడు నీ ఇంటికొచ్చినప్పుడు ఊరికే నొక్కి చూశాను, గుర్తుందా? ఇదీ సంగతి. నీ మాటా కాదు, దాని అందమూ కాదు. ఏ మీట మెత్తగా దిగుతుందో చూడటానికే షాపులో ఆరూ తెరిపించాను.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదని తిడతావు, తెలుసు. తిట్టు. పందొమ్మిదేళ్లుగా ఊరందరి జబ్బులూ నా చెవిలోంచే పోయాయి. "వేళ్లలో తిమ్మిరి" అని మొదలైన రిపోర్టులు ఎక్కడెక్కడికి పోయి ఆగాయో నాకు కంఠతా వచ్చు. తెలియనివాళ్లు ధైర్యంగా వెళ్తారు వదినా. నాకు అన్నీ తెలుసు, అందుకే కాళ్లు రావడం లేదు.

ఇంకోటి ఉంది. ఇది చెప్పడానికే సిగ్గుగా ఉంది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది: దేనికైనా పొట్టిమాట పెట్టుకోవచ్చు గానీ, కుడి ఎడమలకి మాత్రం పెట్టుకోకూడదు. ఎన్నిసార్లు వచ్చినా ప్రతి అక్షరమూ చేత్తో కొట్టాలి, ఎందుకంటే కొడుతున్నప్పుడైనా మనసు దాని మీద ఉంటుందని. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు ఈ పాఠం చెప్పేది ఎవరనుకున్నావు? నేనే! అలాంటి నేను ఆర్నెల్ల కిందట, వేళ్లు మరీ మొరాయించినప్పుడు, జాబితా అట్టడుగున నాలుగు దొంగమాటలు చేర్చుకున్నాను. ఎడమ మోకాలు, కుడి మోకాలు, ఎడమ తుంటి, కుడి తుంటి. ఎవరికీ తెలియదు. మిగతావాళ్ల రిపోర్టులు ఇంకొకరు విని సరిచూస్తారు. నావి మాత్రం సూపర్‌వైజరుగారు నమ్మకం కొద్దీ నేరుగా పంపించేస్తారు.

ఇంకో మూడేళ్లు ఇలాగే నెట్టుకొచ్చేస్తాను. రేపట్నుంచి కొత్తదాని మీద పని. వారం రోజులు అందరి వేగమూ కొలుస్తారట. ఈ గండం గట్టెక్కితే చాలు. అన్నయ్య చెవిన వేశావో, నీకూ నాకూ మాటల్లేవు. ఒట్టు.

నీ ఆడపడుచు


శుక్రవారం

వదినా,

కొంప మునగబోయి ఆగింది. చెబుతాను, వరసగా చెబుతాను, కూర్చుని చదువు.

సోమవారం బ్రహ్మాండంగా గడిచింది. అవి నా వేళ్లే కాదన్నట్టు పరిగెత్తాయి. మంగళవారం పొద్దున పదింటికి ఒక ఎముకల డాక్టరు రిపోర్టు వింటూ కొడుతున్నాను. మధ్యలో దగ్గొచ్చి కళ్లు తెరిచాను. స్క్రీన్ మీద ఏముందో తెలుసా? "రోగికి రెండో అంతస్తు, ఎముకల విభాగం వాచి ఉంది." ఫక్కున నవ్వాను. అంతస్తు వాచడమేమిటని! ఆ నవ్వు నోట్లో ఉండగానే తట్టింది. నేను కొట్టింది "ఎమో". పడాల్సింది "ఎడమ మోకాలు".

జాబితా తెరిచాను. చివర్లో ఆ డాక్టరు ఆసుపత్రి పేరూ చిరునామా ఒకే పొట్టిమాటకి రెండు లైన్లుగా పెట్టుకున్నాను. పూర్తి మాటల వరుసని విడిగా అతికించినప్పుడు ఆ రెండు లైన్లూ రెండు గళ్లు తీసుకున్నాయి. దాంతో దాని కిందున్నవన్నీ ఒక్కో గడి కిందికి జారాయి. దాని కింద ఉన్నవి ఏవనుకున్నావు? నా దొంగమాటలు నాలుగే. పైన పదకొండు వందలూ సలక్షణంగా ఉన్నాయి. "ఎమో" కొడితే చిరునామా రెండో లైను. "కుమో" కొడితే ఎడమ మోకాలు.

కుడి కొడితే ఎడమ, వదినా! అది చదివితే నవ్వు రాదు, అనుమానమూ రాదు. శుభ్రంగా ఉంటుంది.

సోమవారం పంపినవన్నీ తిరగేశాను. దొంగమాట వాడింది ఒక్కటే ఉంది, మోకాలిది. ఉత్తరాలు పంచే ఆయన, యాభై ఎనిమిదేళ్లు. ఆడియో విన్నాను. డాక్టరు నాలుగుసార్లు కుడి అన్నాడు. నా కాగితంలో నాలుగుసార్లు ఎడమ అని ఉంది. ఆపరేషను ఆ మంగళవారమే, పదకొండింటికి. గడియారం చూస్తే పదీ పన్నెండు.

ఇప్పుడు చెప్పేది నీకు తప్ప ఎవరికీ చెప్పను. పంపిన రిపోర్టుని ఒక రోజులోపు మేమే మార్చి మళ్లీ పెట్టొచ్చు. ఎవరూ అడగరు. సరిచేసిన కాపీ తయారుచేసి, "పంపు" దగ్గర వేలు పెట్టి, "వాళ్లు ఇదే చూస్తారులే" అని నాకు నేను చెప్పుకున్నాను. ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఒక మనిషిని బల్ల మీద పడుకోబెడుతుంటే నేను నా కుర్చీ గురించి ఆలోచించాను. ఛీ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. సరిచేసినదీ పంపాను, ఆసుపత్రికి ఫోనూ చేశాను.

"ఆయన్ని ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారండీ" అంది నర్సు.

"ఆపండి! కాగితం తప్పు. కుడి మోకాలు."

"మీరెవరు?"

"టైపిస్టుని. తప్పు నాది" అన్నాను.

ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్లింది. చెప్పుల చప్పుడు దూరమైపోయింది. ఎంతసేపో తెలియదు. నేను నిలబడే ఉన్నాను, కూర్చుంటే ఏమవుతుందోనని. తిరిగొచ్చి "ఆపాం" అంది. ఎడమ మోకాలికి మందు పూసి గీత కూడా గీశారట. పొద్దున ఆయన "కుడిదమ్మా" అన్నాడట. కాగితం చూపిస్తే "పెద్ద డాక్టరు రాశాడంటే రెండూ పాడయ్యాయేమోలే" అని ఊరుకున్నాడట.

అప్పుడు ఏడ్చాను. వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఏడుస్తూనే ఉన్నాను. తర్వాత సూపర్‌వైజరుగారికి ఫోన్ చేసి వేళ్ల దగ్గర్నుంచి దొంగమాటల దాకా అంతా కక్కేశాను.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెబితే నా కుర్చీ పోతుందని."

"చెప్పి ఉంటే వేళ్లు బాగయ్యేదాకా సరిచూసే పని ఇచ్చేదాన్ని. చెవులు బాగానే ఉన్నాయి కదా. ఇప్పుడు ఏమీ ఇవ్వలేను." గొంతులో కోపం కూడా లేదు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. తర్వాత ఏమంటారో తెలియదు. అడిగే మొహమూ లేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. కుడి మోకాలికి కట్టుతో కూర్చుని ఉన్నాడాయన. నేనెవరో చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టాడు కూడా. "ఇంకొంచెం అయితే రెండు కాళ్లూ పోయేవి కదమ్మా!" అని గట్టిగానే అన్నాడు. తలొంచుకుని విన్నాను. తర్వాత దాహమంటే గ్లాసులో నీళ్లు పోసిచ్చాను, గ్లాసు నా ఎడమ చేతిలోంచి జారి దుప్పటి తడిసింది. "చేతికేమైంది?" అన్నాడు. చెప్పేశాను. మా ఆయనకి ఎనిమిది నెలలు చెప్పనిది ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేశాను.

"మూడేళ్లు దాచాను నేను" అన్నాడాయన. "మెట్లున్న వీధులు తోటివాళ్లకిచ్చి, చదునుగా ఉన్నవి తీసుకునేవాణ్ని. ఎండ అనేవాణ్ని, కుక్కలు అనేవాణ్ని. ఆఖరికి మా ఇంటి గుమ్మం కూడా ఎక్కలేకపోయాను. అప్పుడొచ్చాను ఇక్కడికి." ఇంకేమీ అనలేదు. దుప్పటి మార్చమని నర్సుని పిలిచాడు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన అరవలేదు. నా చెయ్యి తీసుకుని ఆ రెండు వేళ్లూ ఒక్కొక్కటే నొక్కి చూశారు. "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" అంటూ. తెలియడం లేదు. అరిచి ఉంటే బాగుండేది.

బుధవారం పదింటికి నరాల డాక్టరు. వచ్చేటప్పుడు నింపి తెమ్మని ఒక ఫారం పంపారు, ఇందాకే నింపాను. ఏ చెయ్యి అన్నచోట ఎడమ అని రాశాను. ఎప్పట్నుంచి అన్నచోట "ఈమధ్యే" అని రాసి, కొట్టేసి, ఎనిమిది నెలలు అని రాశాను. కింద "వెంట వచ్చేవారు" అని ఒక గడి ఉంది. మా ఆయన వస్తానన్నారు గానీ, ఆయన మొహం చూస్తే నేనే ఆయనకి ధైర్యం చెప్పాల్సి వస్తుంది. నాకు ఓపిక లేదు వదినా. నాకు చాలా భయంగా ఉంది. నిన్ను అడక్కుండానే అందులో నీ పేరు రాసేశాను.

మంగళవారానికల్లా వచ్చెయ్.

నీ ఆడపడుచు